ముందు బాబా మియాకు

ఈ లోకంలో ఏది వచ్చినా ముందు తనకే రావాలన్నది బాబా మియా పట్టుదల. పెళ్లిలో బిర్యానీ కావచ్చు, నల్లా నీళ్లు కావచ్చు, మా దవాఖానలో పిల్లలకిచ్చే దగ్గు మందు కావచ్చు, అందరికంటే ముందు చాచిన చెయ్యి ఆయనదే అయ్యుండేది. "ముందు నాకియ్యున్రి" అన్న మాట ఆయన నోట సలాం కంటే ముందు వచ్చేది. మా గల్లీ పిల్లలను బడిలో 'ముందు' అనే మాటతో వాక్యం రాయమంటే సగం మంది "ముందు బాబా మియాకు" అని రాసి వచ్చారు. టీచరుకు అర్థం కాలేదు గానీ, తప్పని కొట్టెయ్యడానికి కూడా ఏమీ దొరకలేదు.

నా పేరు విజయరాణి. సిద్దిపేటలో పిల్లల డాక్టరు రమాకాంత్ గారి దగ్గర నర్సుగా పనిచేసేదాన్ని. దవాఖానకు ఎదురుగా, రోడ్డు దాటితే బాబా మియా దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆటోలకు సీటు కవర్లు కుట్టేవాడు. పొద్దంతా పెద్ద దబ్బనంతో రెగ్జిన్‌ను పొడుస్తూ, మధ్య మధ్య తలెత్తి గల్లీలో ఎవరికేం వస్తోందో కనిపెట్టుకుని ఉండేవాడు. ఎవరికైనా ఏదైనా రావడమే ఆలస్యం, దబ్బనం ఎక్కడిదక్కడ గుచ్చేసి లేచేవాడు. మెహందీ పెట్టిన గడ్డం, బొద్దు శరీరం, మోకాళ్ల నొప్పులు. అయినా ఆ ఒక్క పనికి మాత్రం ఉరికేవాడు.

ఒకసారి మా గల్లీలో పెళ్లయింది. బిర్యానీ దేగ్ మూత తీయకముందే బాబా మియా పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పిల్లల పంక్తి అప్పుడే కూర్చుంటోంది. ఆయన నిలబడే నాలుగు ముద్దలు తిని, ముఖం అదోలా పెట్టి, "జర ఆగున్రి, గీ దేగ్ వాసనొస్తుంది" అన్నాడు. పెళ్లివారికి ఒళ్లు మండింది. పిలవకముందే తిన్నది చాలక వంకలు పెడుతున్నాడని తిట్టి, అయినా అనుమానమొచ్చి ఆ దేగ్ పక్కకు తీశారు. సాయంత్రానికి బాబా మియా కడుపు పట్టుకుని మా దవాఖాన బల్ల మీద పడుకున్నాడు. గల్లీ అంతా నవ్వింది. "ముందు తిన్నోనికి ముందే తగిలింది" అని తీర్పు చెప్పింది ప్రమీలాదేవి. ఆమె టీచరు గారి భార్య. మా గల్లీలో ఏ సంగతైనా ఆమె తీర్పు చెప్పాకే జరిగినట్టు లెక్క.

ఇంకోసారి పార్కులో కొత్త ఊయల పెట్టారు. పిల్లలు వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు ఎవరున్నారో చెప్పక్కర్లేదు. అరవై దాటిన మనిషి లుంగీ సర్దుకుని ఊయల ఎక్కి రెండుసార్లు ఊగాడు. మూడోసారికి గొలుసు పుటుక్కున తెగింది. నడుముకు ఉప్పు కాపడం పెట్టుకుంటూ ఇంట్లో పడుకుంటే, ప్రమీలాదేవి కొడుకు గల్లీలో ఆయనలా కుంటి చూపించి అందర్నీ నవ్వించాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఎట్లా ఉంటారు.

ఆయన మనవరాలు సనాకు ఐదేళ్లు. చలి మొదలైతే చాలు, జలుబు చేసి, అది ఛాతీలోకి దిగి, ఆయాసం వచ్చేది. ఆ పిల్లకు మందు రాసిచ్చిన ప్రతిసారీ మా దవాఖానలో ఇదే పంచాయితీ.

"ముందు నాకు ఒక చెంచా పొయ్యి విజయమ్మా."

"చాచా, గిది పిల్లల మందు."

"పిల్లల మందైతే పెద్దోళ్లకేం గాదు గద. పొయ్యి."

తాగేవాడు. పెదాలు చప్పరించేవాడు. "తియ్యగుంది. ఇగ పిల్లకియ్యి" అని దుకాణానికి పోయి, ఆ మందు మత్తుకు సగం కుట్టిన సీటు మీదే సాయంత్రం దాకా గురక పెట్టేవాడు. ఆటోవాళ్లు సీట్లు లేని ఆటోలతో బయట కాపలా కాసేవాళ్లు.

ఇట్లా ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బడులు తెరవలేదు. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోయేది. ఊళ్లో జేఏసీ లేని వృత్తి లేదు. వకీళ్లకొకటి, టీచర్లకొకటి, మంగలి షాపులకొకటి, ఆటోలకొకటి. ఇద్దరు నిలబడి చాయ్ తాగుతుంటే మూడోవాడు వచ్చి కన్వీనర్ ఎవరని అడిగే రోజులవి. రాష్ట్రం కావాలని అందరికీ ఉండేది, నాకూ ఉండేది. కానీ రాష్ట్రం వచ్చేలోపు కనీసం ఒక కన్వీనర్ పదవైనా వస్తే బాగుండునని కూడా చాలామందికి ఉండేది.

ఆ ఉద్యమంలో కూడా బాబా మియాదే ముందు. రిలే దీక్ష టెంటు కింద ముందు కూర్చునేది ఆయన. దీక్ష విరమణకు నిమ్మరసం వస్తే ముందు తాగేదీ ఆయనే. రోడ్డు మీద వంటా వార్పు పెట్టిన రోజు, నాయకుడు మైకులో ఇంకా పిడికిలి ఎత్తుతూనే ఉన్నాడు, బాబా మియా అప్పటికే కిచిడీ పళ్లెం ఎత్తాడు. "ఉప్పు రెండుసార్లు వేసిన్రు. పిల్లలకు పెట్టకున్రి, జరన్ని నీళ్లు పొయ్యున్రి" అని అరిచాడు. మైకు పక్కనే ఉండటంతో ఆ మాట రోడ్డంతా వినిపించింది. నాయకుడికి చప్పట్లు పడాల్సిన చోట నవ్వులు పడ్డాయి. ఆ కోపం నాయకుడికి సమ్మె అయ్యేదాకా పోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా డాక్టరు గారికి ఫ్లూ టీకా పిచ్చి పట్టింది.

రెండేళ్ల కింద స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఊళ్లో పిల్లలు ఎంత అవస్థ పడ్డారో ఆయన మరిచిపోలేదు. చలికాలం లోపల ఆయాసం ఉన్న పిల్లలందరికీ టీకా వెయ్యాలని, బస్సుల్లేకపోతే తెలిసినవాళ్ల మోటారు సైకిల్ మీద హైదరాబాదు నుంచి ఐసు డబ్బాలో మందు తెప్పించాడు. ఆయన మంచివాడు, తెలివైనవాడు. ఆ తెలివే మాకు చిక్కు తెచ్చేది. టీకా అనగానే బల్ల మీది ప్లాస్టిక్ ఊపిరితిత్తులు ఊడదీసి, వైరస్ బొమ్మ గీసి, అమెరికాలో ఏమంటున్నారో, జెనీవాలో ఏమంటున్నారో చెప్పేవాడు. చివర్లో "ఏమీ కాదు, భయపడొద్దు" అనేవాడు.

తల్లిదండ్రులు శ్రద్ధగా వినేవాళ్లు. తల ఊపేవాళ్లు. "సరే సార్, రేపొస్తం" అనేవాళ్లు. మా ఊళ్లో వద్దని చెప్పే మర్యాద అది. డాక్టరు గారికి అది తెలియక రోజూ మరుసటి రోజు కోసం ఎదురుచూసేవాడు. బయటికొచ్చిన తల్లులు మాత్రం అడగాల్సినవాళ్లను అడిగేవాళ్లు. మిర్చిబజ్జీల ఆయన్ను, భీవండిలో ఉన్న మరిదిని, చుట్టపుచూపుగా వచ్చిన ఎవరినైనా. జ్వరం రాకుండా వేసే సూదికే జ్వరం వస్తుందట. సమ్మెలో ఉన్న ఊరికి ఎవరో పాత మందు పంపారట. ఈ మాటలన్నీ ప్రమీలాదేవి అరుగు మీద పోగయ్యేవి. బడి లేక టీచరు గారు ఇంట్లోనే ఉండటంతో, ఆమె ఎక్కువసేపు అరుగు మీదే ఉండేది.

కరెంటు పోయినప్పుడల్లా నేను మందును ఐసు డబ్బాలోకి మార్చి, ఐసు తగిలి గడ్డకట్టకుండా మధ్యలో అట్టలు పెట్టి, కరెంటు వస్తే మళ్లీ ఫ్రిజ్‌లోకి మార్చేదాన్ని. పసిబిడ్డను కూడా ఎవరూ అంత ఎత్తి దించరు. ఐసు దొరికినన్నాళ్లే ఆ మందు.

ఆ సోమవారం సనాను తీసుకుని కోడలు రిజ్వానా వచ్చింది. బాబా మియా వెనకే ఉన్నాడు. పిల్లకు అప్పుడే ముక్కు కారుతోంది గానీ జ్వరం లేదు. డాక్టరు గారు ఊపిరితిత్తులు ఊడదీయబోతే, ఆయన్ను ఆపి రిజ్వానాయే అడిగింది.

"సార్, గది పందుల జ్వరం సూదంట గద. మా ఇంట్ల ఎట్ల ఒప్పుకుంటరు?"

"ఆ జబ్బుకు పేరట్ల పడింది గానీ, ఈ మందుల ఆ జంతువుది ఏమీ లేదమ్మా. డబ్బ మీద చదివే చెప్తున్న."

"సనా వాళ్ల బాపు గల్ఫ్ నుంచి ఫోన్ చేసిండు సార్. వద్దన్నడు. ఆయన రూముల ఎవరో చెప్పిన్రంట."

"ఏమీ కాదమ్మా."

"సరే సార్," అంది రిజ్వానా. "రేపొస్తం."

డాక్టరు గారు సంతోషించాడు. ఆ రేపు రాదని నాకు తెలుసు. పోయిన చలికాలం ఆ పిల్ల ఇదే బల్ల మీద పక్కటెముకలు ఎగరేస్తూ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, మొహానికి ఆవిరి మందు మాస్కు పట్టుకున్నది నేనే. ఈ చలికి మళ్లీ అదే చూడాలా అనిపించి కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెలియక దూది డబ్బా మూత గట్టిగా వేశాను.

"విజయమ్మా," అన్నాడు బాబా మియా. చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు. "ముందు నాకెయ్యి."

"చాచా, గిది దగ్గు మందు కాదు. సూది."

"చూస్తున్న గద. ఎయ్యి."

డాక్టరు గారు ఇంకా మురిసిపోయాడు. పెద్ద వయసువాళ్లకు కూడా ఇది మంచిదేనని మళ్లీ జెనీవా దాకా వెళ్లొచ్చాడు. బాబా మియా ఏదీ వినలేదు. కుర్చీలో కూర్చుని గోడకు తిరిగాడు. నేను చెయ్యి పట్టుకుంటే ఐసు డబ్బాలా చల్లగా ఉంది. గడ్డం వణుకుతోంది. నేనింకా సూది కవరు చింపనే లేదు, "అయ్యిందా?" అన్నాడు. దూదితో తుడుస్తుంటే మళ్లీ, "అయ్యిందా?" అన్నాడు. పొద్దంతా దబ్బనం పట్టే మనిషి, ఇంత చిన్న సూదికి చెమటతో తడిసిపోయాడు. నిజంగా అయిపోయాక మాత్రం అడగలేదు, అయిందని నేను చెప్పినా నమ్మలేదు.

కుర్చీలోంచి లేచాక రోడ్డు మీదికి పోయి, చొక్కా చెయ్యి దించకుండా, గల్లీ అంతటికీ దూది చూపించాడు.

ఈ వార్తతో అరుగు మీద సభ జరిగింది. ప్రమీలాదేవి కన్వీనర్‌గా మా గల్లీ తల్లుల జేఏసీ ఏర్పడింది. సభలో ఒకటే తీర్మానం. శుక్రవారం దాకా బాబా మియాకు ఏమీ కాకుంటే పిల్లలకు సూది వేయించాలి, ఏమన్నా అయితే దవాఖాన ముందు ధర్నా చెయ్యాలి. చేతులెత్తి ఆమోదించారు. ధర్నాకు బ్యానరు ముందే సిద్ధం చేసి పెట్టారు. ఎంతైనా ఉద్యమాల ఊరు, తయారీలో లోటుండదు.

ఆ రోజు నుంచి బాబా మియా మీద నిఘా పడింది. ఆయన తుమ్మితే అరుగు మీద మాటలు ఆగిపోయేవి. అన్నం తక్కువ తిన్నాడా, ఎక్కువ తిన్నాడా అని అడగడానికి రోజూ ఒకరు చక్కెర కోసమనో చింతపండు కోసమనో ఆయన ఇంటికి పోయేవాళ్లు. ఆయన భార్య గౌసియా బేగం ఇంట్లో చక్కెర మొత్తం ఆ వారంలోనే అయిపోయింది.

బుధవారం రాస్తారోకో. వాన. అందరికంటే ముందు పోయి రోడ్డు మధ్య కూర్చున్నది ఎవరో మీకు తెలుసు. మిగతావాళ్లు గొడుగులు తెచ్చుకునేదాకా ఆయన తడుస్తూనే ఉన్నాడు. గురువారం పొద్దున దుకాణంలో దగ్గు వినిపించింది. నేను దవాఖాన గుమ్మంలో నిలబడి విన్నాను. ప్రమీలాదేవి అరుగు మీద నిలబడి విన్నది. బ్యానరు బయటికొచ్చింది.

డాక్టరు గారు కంగారుగా బయటికి వచ్చి, "ఏమీ కాదు, ఏమీ కాదు" అన్నాడు. ఆ మాటతో ఉన్న నమ్మకం కూడా పోయింది. తల్లులంతా దుకాణం ముందు చేరారు. రిజ్వానా సనాను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఐసు ఆ రోజుకే ఉంది. ఈ పూట వీళ్లు తిరిగిపోతే ఆ పిల్లకు ఈ చలికాలం సూది లేనట్టే.

"మియా సాబ్, నిజం చెప్పు. సూదితోని ఏమైంది?" అని అడిగింది ప్రమీలాదేవి.

బాబా మియా దబ్బనం గుచ్చి లేచాడు.

"చెప్త. చెయ్యి నొప్పి వెట్టింది. ఆ రాత్రి ఆ దిక్కు తిరిగి పండలేకపోయిన. ఒళ్లు జర వెచ్చగయ్యింది. పొద్దుగాల్లకు పోయింది. ఆకలి తగ్గలే, గౌసియాను అడుగున్రి. దగ్గు వానల కూసుంటే వచ్చింది, గది సూది మీద వెయ్యకున్రి. చచ్చిపోలే."

మా డాక్టరు గారు నెల రోజులుగా ఏమీ కాదంటే నమ్మని వాళ్లు, చెయ్యి నొప్పి పెట్టిందంటే నమ్మారు. డాక్టరు గారి ముఖం చూశాను. ఏదో కొత్త చదువు చదువుతున్నవాడిలా ఉంది.

ప్రమీలాదేవి మాత్రం ఓటమి తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "అన్నిటికీ ముందు ఉరుకుతవ్. అందుకే అన్నీ ముందు నీకే తగుల్తయ్" అంది.

పరదా వెనక నుంచి గౌసియా బేగం గొంతు వచ్చింది. "తగలాలనే గదమ్మా ఉరికేది. ఆ బిర్యానీ ఖరాబైందని ఈయన తిన్నంకనే గద తెలిసింది? ఊయల ఈయన కింద తెగకపోతే మీ పిలగాని కింద తెగేది. ఆకలికి ఉరికెటోడు ఊయలెందుకు ఎక్కుతడు? సూదంటే పెండ్లప్పటి సంది పారిపోతడు ఈ మనిషి. కుక్క కరిస్తే దవాఖానకు తాడు కట్టి తీస్కపోయినం."

ప్రమీలాదేవి కొడుకు కుంటి చూపించిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని, ఈ మనిషిని తిండిపోతనుకుని నవ్వాను.

బాబా మియాకు ఎక్కడ లేని సిగ్గు ముంచుకొచ్చింది. "ఏ, ఊకో," అన్నాడు లోపలికి చూస్తూ. "నాకు ఊయలంటే ఇష్టం."

అప్పుడు రిజ్వానా మెల్లగా అంది. "అబ్బాజాన్, నాకు సూది భయం కాదు. వేయించినంక పిల్లకు ఏమన్నా అయితే అందరు నన్నే అంటరని."

"నాకు తెల్వదా బేటీ. అందుకే గద ముందు నేను వేయించుకున్న. ఏమన్నా అయితే నన్నే అననీ. ముసలోడు చెప్పిండు, ముసలోడే చేసిండు అననీ. నీ మొగనికి ఫోన్ కలుపు."

ఫోన్ కలిసింది. "మతీన్, నేను వేయించుకున్న. బతికే ఉన్న, మాట్లాడుతున్న విను. నీ రూముల మాట్లాడెటోళ్లు ఎవరన్నా ఈడ రాత్రిపూట పిల్ల ఆయాసం చూసిన్రా? రిజ్వానా చూసింది. ఆమె ఏం చేస్తే గదే ఖాయం." అవతల మతీన్ ఏమన్నాడో వినిపించలేదు. రిజ్వానా ఫోన్ తీసుకుని ఇంకాసేపు ఉర్దూలో మాట్లాడి, పిల్లను దించి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. వెనక మూడేళ్లు నిండిన సనా తమ్ముడు హస్నైన్, వాడి వెనక బ్యానరు మడత పెట్టుకుంటూ జేఏసీ మొత్తం.

ఈసారి డాక్టరు గారు ఊపిరితిత్తులను ముట్టుకోలేదు. "చెయ్యి ఒక రోజు నొప్పి వెడ్తది. జ్వరం కొంచెం రావచ్చు. పిల్లలకు నెల తర్వాత ఇంకోటి వెయ్యాలె. ఇంకేమన్నా అడగాల్నా?" అని ఊరుకున్నాడు. తల్లులు అడిగారు. ఆయన చెప్పాడు. ఒక్కరు కూడా రేపొస్తమనలేదు.

హస్నైన్ మాత్రం ఒప్పుకోలేదు. సూది చూడగానే దవాఖాన కప్పు లేచేలా ఏడుస్తూ తల్లి కాళ్లను చుట్టుకున్నాడు. బాబా మియా అలవాటుగా పోయి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు.

సనా ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "దాదా, లే. నీదైపోయింది. ముందు నాకు."

ఆయన లేవలేదు. "ముందు నాకు" అని లుంగీ పట్టి లాగింది. మా గల్లీలో ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. ఆయన దిగ్గున లేచి, ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు పక్కన నిలబడ్డాడు. సనా కుర్చీ ఎక్కి గోడకు తిరిగింది. నేను కవరు చింపకముందే, "అయ్యిందా?" అంది. తుడుస్తుంటే, "అయ్యిందా?" అంది. అయ్యాక కళ్లు తెరిచి తమ్ముణ్ని పిలిచింది.

హస్నైన్ ఏడుపు ఆపి చూస్తున్నాడు. "నొప్పయ్యిందా?"

"అయ్యింది," అంది సనా. కాస్త ఆలోచించి చెప్పింది. "చీమ కుట్టినదానికన్న జర ఎక్కువ. చచ్చిపోలే."

వాడు ముక్కు తుడుచుకుని చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు.

పిల్లలకిచ్చే చాక్లెట్ల సీసా తెరిచాను. సనా చెయ్యి చాపేలోపు వెనక నుంచి ఇంకో చెయ్యి వచ్చింది. బాబా మియా ఒకటి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తీరిగ్గా చప్పరించాడు. గల్లీ తల్లులంతా ఊపిరి బిగబట్టి చూశారు.

"మంచిగుంది," అన్నాడు. "ఇగ పిల్లలకియ్యి."